దొరల గుడి

మేము ఉంటున్న విశాఖపట్నం అపార్టుమెంటులో మొన్న సంక్రాంతికి ముందు ప్రహరీ గోడకూ, గేటు పక్కనున్న కొబ్బరి చెట్ల మొదళ్ళకూ సున్నం వేయించారు. ఎక్కడ చూసినా పెయింటు డబ్బాలే అయిపోయిన ఈ రోజుల్లో తడి సున్నం వాసన అరుదైపోయింది కాబట్టి, పాల ప్యాకెట్టు కోసం కిందికి దిగిన నేను మెట్ల దగ్గరే చాలాసేపు నిలబడిపోయాను. శ్రీకాకుళం జిల్లా నౌపడా ఉప్పు మళ్ళకు కొంచెం ఇవతల, టెక్కలి వెళ్ళే దారిలో ఉన్న మా పేటలో, క్రిస్మసుకు ముందు గుడికి వెల్ల వేసే రోజు ముక్కుకు తగిలింది.

గుడి అంటే మాకు చర్చే. మా ఇళ్ళలో పెద్దవాళ్ళెవరూ చర్చి అనేవారు కాదు, "గుడికెల్లొచ్చావా?" అనే అడిగేవారు. ఊళ్ళో వాళ్ళు మాత్రం మా గుడిని వాళ్ళ గుళ్ళతో కలవకుండా "దొరల గుడి" అనేవారు. ఆ మాటలో వెక్కిరింత పెద్దగా ఉండేది కాదు. కెనడా దొరలు డబ్బులిచ్చి కట్టారు కనుక అది దొరల గుడి అని వాళ్ళు నిజంగానే అనుకునేవారు. మా తాతయ్యకు మాత్రం ఆ మాట వినబడితే చాలు, ముఖం గంటుపెట్టుకునేవాడు.

తాతయ్య మిషను ఎలిమెంటరీ బడిలో మేస్టారు, గుడి సంఘానికి కార్యదర్శి. డిసెంబరు రెండో వారంలో ఒక శనివారం వెల్ల వేసే పని ఆయన ఆధ్వర్యంలోనే జరిగేది. సముద్రం ఒడ్డు నుంచి తెచ్చిన గుల్లలు కాల్చిన సున్నాన్ని ముందురోజు సాయంత్రం పెద్ద కాగులో వేసి నీళ్ళు పోసేవారు. పొయ్యి లేకుండానే కుతకుతలాడుతూ, పొగలు కక్కుతూ అది ఉడుకుతుంటే, పిల్లలందరం చుట్టూ చేరి చూసేవాళ్ళం. దగ్గరికి వస్తే కళ్ళు పోతాయని అరవడానికే ఒక ముసలాయన్ను ప్రత్యేకంగా కూర్చోబెట్టేవారు. తెల్లవారేసరికి అది పెరుగులా పేరుకునేది. అందులో నానబెట్టిన తుమ్మబంక, తెలుపు మిలమిలలాడడానికి కొంచెం నీలిమందు, గోడ మీద గట్టిగా పట్టి పొడి రాలకుండా రెండు గుప్పిళ్ళ ఉప్పు కలిపేవారు. ఉప్పుకు మా పేటలో కొదవ లేదు. సగం ఇళ్ళ వాళ్ళు ఉప్పు మళ్ళలోనే పనిచేసేవారు, వేసవి వచ్చిందంటే వాళ్ళ పాదాలు పగిలి మా గుడి నేల మీద ఎక్కడ నిలబడితే అక్కడ తెల్లటి మరక పడేది. కుంచెలు కొనేది లేదు. గోగునారను పిడికెడు మందాన కర్రకు కట్టి, కొసను రాతి మీద దంచి మెత్తబరిచేవారు. నిచ్చెన చివరి మెట్టు మీద నిలబడి వెల్ల వేసే ఆయన నోట ఏదో కీర్తన, కింద కాగు పట్టుకున్న మా నెత్తిన తెల్లని చుక్కలు, సాయంత్రానికి కళ్ళు మంట. ఆ రాత్రి నాన్నమ్మ మా తలలకు ఆముదం పట్టించి గానీ పడుకోనిచ్చేది కాదు.

దొరల సంగతి తాతయ్య చెప్పినప్పుడల్లా చాలా వెనక నుంచి మొదలుపెట్టేవాడు. 1805లో లండన్ మిషనువారు క్రాన్, డే గ్రాంజ్ అనే ఇద్దరు విశాఖపట్నంలో దిగారనీ, తెలుగు నేర్చుకుని సువార్తలను అనువదించడం మొదలుపెట్టి ఇద్దరూ అయిదేళ్ళలోనే, ఒకరు 1809లో, ఇంకొకరు 1810లో చనిపోయారనీ, వాళ్ళ అనువాదాన్ని వాళ్ళు పోయాక 1812లో బెంగాలులోని శ్రీరాంపురంలో అచ్చువేశారనీ ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పేవాడు. వాళ్ళకు ఆ అనువాదంలో సాయపడిన ఆనందరాయరు అనే బ్రాహ్మణుణ్ణి మాత్రం ఎవరూ తలుచుకోరని ప్రతిసారీ గొణిగేవాడు. తరువాత కథ కెనడా బాప్టిస్టులది. వీళ్ళు మొదట తెలుగువాళ్ళ కోసం బయలుదేరనే లేదు. కెనడా తూర్పు తీరపు రాష్ట్రాల నుంచి వచ్చిన ఆ చిన్న బృందం కరెన్ అనే కొండజాతివారి కోసం సయాముకు, అంటే ఇప్పటి థాయ్‌లాండుకు, వెళ్ళి, అక్కడ తాము అనుకున్నంత మంది లేరని తేలాక, 1875లో మన తీరానికి మళ్ళింది. భీమునిపట్నం, శ్రీకాకుళం, బొబ్బిలి, ఆ తరువాత టెక్కలి వైపుకూ వాళ్ళ బంగళాలు వచ్చాయి. "మనం పిలిస్తే వచ్చిన దొరలు కారర్రా, దారి మళ్ళి వచ్చినోళ్ళు" అని తాతయ్య నవ్వేవాడు. ఈ ఒక్క సంగతి చెప్పేటప్పుడు ఆయన మేస్టారు భాష వదిలేసి మా పేట మాటలోకి దిగిపోయేవాడు.

నీళ్ళ దగ్గర మాత్రం ఆయన పట్టు విడిచేవాడు కాదు. లండన్ మిషనువారు చంటిపిల్లల నెత్తిన నీళ్ళు చల్లి బాప్తీస్మమిచ్చేవారు. బాప్టిస్టులు పెద్దయ్యాక, తెలిసి ఒప్పుకున్నవారినే నిలువునా ముంచుతారు. మా మేనత్తను కృష్ణా జిల్లాలో సి.ఎస్.ఐ. కుటుంబానికి ఇచ్చాము. ఆంగ్లికన్లూ, మెథడిస్టులూ, అంతకుముందే 1908లో ప్రెస్బిటేరియన్లూ కాంగ్రిగేషనల్‌వారూ కలిసి ఏర్పరచుకున్న ఐక్య సంఘమూ, అన్నీ 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఒక్కటై దక్షిణ ఇండియా సంఘం, అంటే ఈ సి.ఎస్.ఐ., అయినప్పుడు మా బాప్టిస్టులు బయటే ఉండిపోయారు. అందుచేత మేనత్త పిల్లలకు నెలల వయసులోనే నీళ్ళు చల్లించింది. వేసవి సెలవులకు వాళ్ళు వచ్చినప్పుడల్లా ఈ గొడవ రాకుండా పోయేది కాదు. నాలుగు చుక్కలు నెత్తిన పడితే అది బాప్తీస్మమెలా అవుతుందని తాతయ్య అడిగితే, "నాన్నా, నీళ్ళ కొలత చూసి లోపలికి రానిస్తారా పరలోకంలో?" అని అత్త అనేది. నాన్నమ్మ ఇద్దరికీ చెరొక గ్లాసు మజ్జిగ ఇచ్చి లోపలికి వెళ్ళిపోయేది.

మా గుడిలో మొదట్లో తొట్టి ఉండేది కాదు. చెరువులో ముంచేవారు. మేము దిగిన రేవులో ఆ రోజంతా ఊరివాళ్ళు నీళ్ళు పట్టేవారు కాదని, అది నెమ్మదిగా మాటల దాకా వచ్చిందని, అప్పుడే వేదిక కింద సిమెంటు తొట్టి కట్టారని నాన్న చెప్పేవాడు. మాకు అది తెలియదు. పలకలు తీసేస్తే బయటపడే ఆ తొట్టిలోకి ఉప్పు కొఠారు బావి నుంచి కావిళ్ళతో నీళ్ళు మోసుకొచ్చి పోసేవారు; ఉప్పుకయ్యల నీళ్ళవడం వల్ల, మునిగి లేచినవాళ్ళు కళ్ళు నలుపుకుంటూ దగ్గుతూ పైకి వచ్చేవారు. నేనూ అలాగే వచ్చాను.

ఇక సంఘం పుస్తకం సంగతి. ఎర్ర గుడ్డ అట్ట, వెన్నుకు తోలు, చెదలు పట్టకుండా వేపాకుల మధ్య ట్రంకు పెట్టెలో దాచిన పెద్ద రిజిస్టరు అది. ఎడమ వైపు పేరు, తండ్రి పేరు, బాప్తీస్మపు తేదీ. కుడి వైపు చివరి గడికి "వివరము" అని శీర్షిక. తాతయ్య పోయాక అది నా దగ్గరికి వచ్చింది. చిన్నప్పుడు ఆయన ఒళ్ళో కూర్చుని చూసినప్పుడు ఆ చివరి గడిలో అన్నిటికంటే ఎక్కువగా కనబడే మాట "రంగం". రంగం అంటే నాటకం వేసే వేదిక అనుకున్నాను చాలా కాలం. బర్మాలోని రంగూన్‌ను మా వైపు అలాగే అనేవారు. "రంగమునకు వెళ్ళినాడు. ఉత్తరము ఇవ్వబడినది." ఒకటి కాదు, పేజీ తరువాత పేజీ. ఉత్తరమంటే సభ్యత్వ బదిలీ ఉత్తరం. ఏ ఊరు వెళ్ళినా అక్కడి తెలుగు సంఘంలో చేర్చుకోవడానికి పాస్టరుగారు సంతకం పెట్టి ఇచ్చేది. కళింగపట్నం, భీమునిపట్నం రేవులలో స్టీమరెక్కి ధాన్యం మిల్లులకూ, రేవు పనులకూ వెళ్ళిన మనుషులు బట్టల మూటలో ఆ కాగితం కూడా పెట్టుకుని వెళ్ళారు.

గుడి కట్టిన జమాఖర్చులు కూడా అదే పుస్తకం చివర ఉన్నాయి. స్థలమూ, గోడలకు కొంత సొమ్మూ మిషను ఇచ్చింది. ఆ మాట కాదనడానికి వీల్లేదు. అయితే గోడలు లేచి, పైకప్పు లేక రెండు వానాకాలాలు నిలబడి ఉన్నాయి. కప్పుకు కావలసిన బెంగుళూరు పెంకులు, టేకు దూలాలు రంగం నుంచి మనీయార్డరులుగా వచ్చిన సొమ్ముతో కొన్నవి. పంపినవారి పేరు, ఎన్ని రూపాయలు, ఎన్ని అణాలు అన్నీ వరుసగా రాసి ఉన్నాయి. మూడు రూపాయలు, రూపాయిన్నర, పన్నెండణాలు. పన్నెండణాలు పంపినతను, అది మనీయార్డరు కమీషను పోగా మిగిలిందని కూడా రాయించాడు. తాతయ్యకు "దొరల గుడి" అన్న మాట ఎందుకు మండించేదో ఆ పేజీ చూశాకే నాకు బోధపడింది.

1941 డిసెంబరు 23న, మళ్ళీ క్రిస్మసు రోజున జపానువాళ్ళు రంగూన్ మీద బాంబులు వేశారు. ఆ తరువాత ఓడలు దొరకనివారు కొండలూ అడవులూ దాటి నడుచుకుంటూ వచ్చారు. నాన్నమ్మ తమ్ముడు అలా వచ్చినవారిలో ఒకడు. ఎన్ని నెలలు నడిచాడో ఆయన ఎప్పుడూ చెప్పలేదు గానీ, క్రిస్మసు ఆరాధనలో పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టగానే ఆయన లేచి బయటికి వెళ్ళి, మెట్ల మీద కూర్చుని బీడీ కాల్చుకునేవాడు. గుడి ఆవరణలో బీడీ అంటే సంఘ పెద్దలైన డీకన్లు ఒళ్ళు చీరేసేవారు. ఆయన్ను మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. రిజిస్టరులో ఆయన పేరు ఎదుట "రంగము నుండి తిరిగి వచ్చినాడు" అని ఉంది. ఆ పేజీలోని మిగతా కొన్ని పేర్ల ఎదుట తాతయ్య ఏమీ రాయలేదు, కొట్టివేయనూ లేదు.

రంగం పోయాక ఖరగ్‌పూర్ వచ్చింది. రైల్వే వర్క్‌షాపులో పనికి మా పేట వాళ్ళు చాలామంది అక్కడికి వెళ్ళారు. నౌపడా జంక్షనులో కలకత్తా వైపు బండి ఆగిందంటే మా సంఘంలో ఎవరో ఒకరు దిగడమో ఎక్కడమో ఉండేది. మా గుడి గంట కూడా గంట కాదు, వేప కొమ్మకు వేలాడదీసిన రైలు పట్టా ముక్క. మొదటి గంటకు స్నానం, రెండో గంటకు బట్టలు, మూడో గంటకు గుడిలో ఉండాలి. పర్లాకిమిడి రాజాగారు వేయించిన చిన్న రైలు 1900లో నడవడం మొదలైంది. అది టెక్కలి మీదుగా పోయేది. పాస్టరుగారు కొండ వైపు పల్లెలకు ఆ రైల్లోనే వెళ్ళేవారు. అది ఎత్తు ఎక్కలేక ఆగినప్పుడు దిగి, పక్కన నడుస్తూ తోటి ప్రయాణికులకు కరపత్రాలు పంచి, మళ్ళీ ఎక్కేవాణ్ణని ఆయన అంటే మేము నమ్మేవాళ్ళం.

కీర్తనల గురించి చెప్పకపోతే మా సంఘం చరిత్ర చెప్పినట్టు కాదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ప్రతి పాట పైనా రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. ఉప్పు మళ్ళలో పనిచేసే మా వాళ్ళలో అక్షరం రానివాళ్ళు కూడా ఇది మోహన, ఇది ఆనందభైరవి అని చెప్పేవారు. అందులో ఎన్నో కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరిగారు పర్లాకిమిడి ప్రాంతపు మనిషి. 1803లో పుట్టి, ముప్పయ్యేళ్ళ వయసులో ఒడిశాలోని కటకంలో బాప్తీస్మం తీసుకుని, శ్రీకాకుళం చుట్టుపక్కల తిరిగి బోధించి, 1890లో కన్నుమూశారు. మా వాళ్ళు ఆయన్ను ఏదో పుస్తకాల మనిషిగా తలుచుకోలేదు, "మన చౌదరిగారు" అనేవారు. తాళాలు, డోలక్, కాళ్ళతో తొక్కే హార్మోనియం. హార్మోనియంలో ఒక మెట్టు నొక్కితే లేచేది కాదు, పాట మధ్యలో వాయించే ఆయన చూపుడు వేలితో దాన్ని పైకి లాగుతూ ఉండేవాడు. ఇప్పుడు కీబోర్డు వచ్చింది. పాటలన్నీ ఒకే నడకలోకి వచ్చేశాయని నాకు అనిపిస్తుంది. ముసలివాడి గొణుగుడు అనుకున్నా సరే.

గుప్పెడు బియ్యం ఆడవాళ్ళ లెక్క. అన్నానికి బియ్యం కొలిచిన ప్రతిసారీ, కడగడానికి ముందు, అందులోంచి ఒక గుప్పెడు తీసి మూలనున్న చిన్న కుండలో వేసేది నాన్నమ్మ. ఇంట్లో బియ్యం చాలని రోజున కూడా ఆ గుప్పెడు తగ్గేది కాదు, గుప్పెడే కాస్త చిన్నదయ్యేది. శనివారం బైబిలు స్త్రీ అని మేము పిలిచే పెద్దావిడ బుట్టతో వచ్చి ఇంటింటి కుండా ఒంపుకుని వెళ్ళేది. అన్ని ఇళ్ళ బియ్యమూ కలిసేసరికి ముతకా, సన్నమూ, ఉప్పుడు బియ్యమూ, దంపుడు బియ్యమూ ఒకటిగా అయిపోయి, అన్నానికి ఎవరూ కొనేవారు కాదు. టెక్కలిలో ఒక హోటలాయన మాత్రం "గుడి బియ్యం" అని అడిగి మరీ కొనుక్కునేవాడు. ఆ కలగాపులగంతో రుబ్బితే దోసె బాగా వస్తుందట. పాస్టరుగారి జీతంలో కొంత ఆ దోసెల నుంచే వచ్చింది.

మా అందరికీ రెండేసి పేర్లు ఉండేవి. రిజిస్టరులో నాది ఒక ప్రవక్త పేరు, బడిలో చివర రావు ఉన్న పేరు. ఇది పిల్లల ముచ్చట కాదు. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. తరువాత సిక్కులకూ, బౌద్ధులకూ ఇచ్చారు గానీ క్రైస్తవులకు ఇవ్వలేదు. మన రాష్ట్రంలో ఆ కులాల నుంచి క్రైస్తవులైనవారిని బి.సి.-సి కింద పెట్టి ఒక్క శాతం రిజర్వేషను ఇచ్చారు. మా నాన్న చదువుకు సర్టిఫికెట్టు కోసం తాతయ్య ఒక కార్యాలయానికి వెళ్ళినప్పుడు, అక్కడి గుమాస్తా బల్ల మీద కాళ్ళు తియ్యకుండానే "మీ సంఘం పుస్తకంలో ఈ కుర్రాడి పేరుందా లేదా?" అని అడిగాడట. అబద్ధం చెప్పడం రాని తాతయ్య ఉందన్నాడు. నాన్నకు బడి జీతం మాఫీ రాలేదు. ఆ తరువాత కొన్నేళ్ళపాటు రిజిస్టరులో కొత్త పేర్లు పెద్దగా లేవు. గుడి మాత్రం నిండుగానే ఉండేదని నాన్నమ్మ అనేది. ఆ ఖాళీ పేజీల గురించి తాతయ్యను అడిగితే, కళ్ళజోడు తీసి తుడుచుకునేవాడు.

కళ్ళంటే ఒక మాట. నాన్నమ్మకు పొర కమ్మినప్పుడు సోంపేటలో కెనడా మిషను ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. అక్కడ డాక్టరు గులిసన్ కంటి ఆపరేషన్లు చేసేవారు. 1963లో కాల్గరీలో ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ మొదలవడానికి ఆ పనే కారణం. కట్టు విప్పాక ఇంటికి వచ్చిన నాన్నమ్మ మొట్టమొదట గుడిలోకి వెళ్ళి, గోడ వంక చూసి, "ఈ ఏడు వెల్ల సరిగా ఎయ్యనేదు" అంది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా తీరం మీద పడింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లు ఎన్ని పడ్డాయో చూసినవాళ్ళకే తెలుసు. మా గుడి గోడలు నిలబడ్డాయి. రంగం డబ్బుల పెంకులు మాత్రం పేటంతా చెల్లాచెదురుగా పడి ఉన్నాయని మా తమ్ముడు ఫోను చేశాడు. ఆ తరువాత స్లాబు వేసి, పలకలు అతికించి కొత్త గుడి కట్టారు. ముఖద్వారం పక్కన నల్లరాతి మీద శంకుస్థాపనకు వచ్చినవారి పేర్లు, దాతల పేర్లు బంగారు అక్షరాలలో ఉన్నాయి. పాత జమాఖర్చుల పేజీ నకలు తీయించి, ఆ పేర్లు కూడా చెక్కించమని సంఘ పెద్దలకు ఇచ్చాను. రాయి మీద ఖాళీ లేదన్నారు. వెనక గోడకు ఫ్రేము కట్టించి పెడతామన్నారు. పెట్టారు కూడా, తొట్టి ఉన్న వైపు. వాళ్ళను తప్పుపట్టడానికి నాకు మనసొప్పలేదు. ఆ పెద్దల్లో ఇద్దరు, నేను సున్నం కాగు పట్టుకున్న రోజుల్లో నా వెనక నిలబడి గోగునార దంచిన పిల్లలే.

సున్నం వాసన తగిలిన ఆ వారమే కోత పండుగకని ఊరికి వెళ్ళాను. పండుగ మారలేదు. వరి కంకులు, ఆనపకాయలు, జీడిపిక్కలు, కొబ్బరికాయలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు, ఒక బస్తా ఉప్పు, అన్నీ బల్ల ముందు పోగుపడ్డాయి. ఆరాధన అయ్యాక వేలం. మా గుడి వేలంలో పద్ధతి ఏమిటంటే, పాడుకున్నవాడు డబ్బు కట్టి, వస్తువును మళ్ళీ బల్ల మీదే పెట్టవచ్చు; అది మళ్ళీ వేలానికి వస్తుంది. చిన్నప్పుడు ఒకే గుమ్మడికాయ అయిదుసార్లు అమ్ముడవడం చూశాను. తాతయ్య ప్రతి ఏడూ ఏదో ఒకటి పాడుకుని వెనక్కి పెట్టేవాడు. వేలం పాడే డీకను "ఒకటోసారి, రెండోసారి" అంటుంటే నేనూ ఒక గుమ్మడికాయ పాడుకున్నాను. తాతయ్యలాగే దాన్ని తిరిగి బల్ల మీద పెట్టబోతుంటే, ముందు వరుసలో కూర్చున్న ముసలమ్మ ఒకావిడ నా చెయ్యి పట్టుకుంది.

"మీ తాత ఒక్కపాలి కూడా ఇంటికి పట్టుకెల్నేదు బాబూ. మీ నాన్నమ్మ బయటికొచ్చి ఏడ్సీది. నువ్వు పట్టుకెల్లు."

టెక్కలిలో బస్సెక్కినప్పుడు అది సీటు కింద పట్టలేదు. ఒళ్ళో పెట్టుకున్నాను. కండక్టరు దాన్నీ నన్నూ చూసి, దీనికి లగేజీ టిక్కెట్టు కొట్టాలా వద్దా అని కాసేపు ఆలోచించి, నరసన్నపేట వచ్చాక చూద్దామని ముందుకు వెళ్ళిపోయాడు.